మా మగపిల్లి లావెక్కింది, కరుస్తోంది. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ. మూడో అంతస్తులో ఫ్లాట్. మా బంటి నాటు పిల్లే, మగపిల్లి, నాలుగేళ్లు. రెండేళ్ల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అప్పటినుంచి లావెక్కుతూ వచ్చి ఇప్పుడు 7.2 కిలోలు ఉన్నాడు. 5 కిలోలు ఉంటే చాలని ఇక్కడి డాక్టర్ అన్నారు. గిన్నెలో డ్రై ఫుడ్ ఎప్పుడూ ఉంటుంది. అది కాక మా అత్తయ్యగారు పొద్దున అరగ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగన్నం పెడతారు. వద్దంటే బాధపడతారు. తెల్లవారుజామున నాలుగింటికే అరిచి అందరినీ లేపేస్తాడు. బాల్కనీ తలుపు పక్కన కర్టెన్ మీద మూత్రం చిమ్ముతున్నాడు. మా ఆరేళ్ల బాబు నిమరబోతే కరుస్తున్నాడు, మొన్న చేతికి రక్తం వచ్చింది. మావారు ఊరికి తీసుకెళ్లి పొలం దగ్గర వదిలేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. తోడుగా ఇంకో పిల్లిని తెస్తే మారతాడా? అన్నట్టు, ఈమధ్య ఒక్కోసారి మలమూత్రాలకు పెట్టిన ట్రేలో చాలాసేపు కూర్చుంటున్నాడు. మలబద్ధకమేమో అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే నేను మొదలుపెడతాను. బాబు గాయం తప్ప మిగతావన్నీ నెలల మీద సర్దుకునే విషయాలు. ఇది మాత్రం గంటల మీద నడిచే వ్యవహారం కావచ్చు.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, చివర మరీ సన్నబడుతుంది. ఇసుకలాంటి స్ఫటికాలో, జిగురులాంటి ముద్దో అక్కడ అడ్డం పడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్తుంది, ముక్కుతుంది, బాధగా అరుస్తుంది, చుక్కో రెండు చుక్కలో వస్తాయి లేదా అసలు రావు. ఆ చోటును అదేపనిగా నాకుతుంది. చూసేవాళ్లు సరిగ్గా మీలాగే మలబద్ధకం అనుకుంటారు, కొందరు ఆముదం కూడా పడతారు. ఆ ఆలస్యంలోనే ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దానితో గుండె ఆగిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి చనిపోయే ప్రమాదం ఇది. లావుగా ఉండి, ఇంట్లోనే గడుపుతూ, ఎక్కువగా డ్రై ఫుడ్ తినే మగపిల్లుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బంటి సరిగ్గా ఆ కోవలోనే ఉన్నాడు.

కాబట్టి ఆలస్యం చేయకుండా వాడికి మూత్ర పరీక్ష, వీలైతే పొట్ట స్కానింగ్ చేయించండి. ట్రేలో ఉండలు కట్టే లిట్టర్ (ఇసుకలా పోసే పొడి) వాడుతుంటే రోజూ ఎన్ని మూత్రపు ఉండలు వస్తున్నాయో, ఎంత పెద్దవో చూడండి. ఉండలు చిన్నవైపోయినా, ఎర్రగా కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ముక్కుతున్నా మూత్రం రాకపోతే, వాంతులు అయితే, మూలకు వెళ్లి కదలకుండా పడుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట నొక్కి చూడొద్దు. మీకు దగ్గరలో గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఊళ్లో ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. రాత్రిపూట ఎవరు చూస్తారో, పిల్లికి మూత్రనాళంలో ట్యూబు వేసే ఏర్పాటు ఎక్కడుందో ఈరోజే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం ఏ కారణానికీ వేయొద్దు. మనకు మామూలు మాత్ర, పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి.

ఒకవేళ మూత్రం ఆగలేదని, కొద్దిగా మంట, వాపు మాత్రమే ఉన్నాయని తేలితే అందులోనూ గమనించాల్సిన సంగతి ఉంది. ఇలాంటి పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ దొరకదు, ఇన్‌ఫెక్షనూ దొరకదు. మనసులోని ఒత్తిడే మూత్రాశయం మీద పడుతుంది. అందుకే పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ రాస్తే, పరీక్ష చేద్దామని మీరే అడగండి.

రెండో అత్యవసర విషయం మీ బాబు చెయ్యి. పిల్లి పళ్లు సూదుల్లా లోపలికి దిగుతాయి. పైన చిన్న చుక్కే కనిపించినా లోపల చీము పట్టొచ్చు. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం ఏవీ పెట్టకూడదు. రక్తం వచ్చిందన్నారు కాబట్టి, ఇన్ని రోజులైనా సరే, బాబును డాక్టర్‌కు చూపించి రేబిస్ టీకాల సంగతి తేల్చుకోండి. ఆలస్యమైందని మానేయకూడదు, ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చు. బంటికి యాంటీ రేబిస్ టీకా ఏ తేదీన వేయించారో ఆ కార్డు వెంట తీసుకెళ్లండి. బయట తిరగని పిల్లికి టీకా ఎందుకులే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో అది కుదరదు.

ఇక అసలు సంగతికి వస్తాను. బరువు, కరవడం, నాలుగింటి అరుపులు, కర్టెన్ అని మీరు నాలుగు సమస్యలు రాశారు. నాకు మాత్రం చాలావరకు ఒకటే కనిపిస్తోంది. వాడి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంది, రోజు మాత్రం ఖాళీగా ఉంది. పిల్లి వేటాడి బతికే జంతువు. బయట బతికే పిల్లి రోజుకు పదీ ఇరవై సార్లు చిన్న చిన్న వేటలు వేస్తుంది, పొంచి ఉంటుంది, ఉరుకుతుంది, చాలాసార్లు విఫలమవుతుంది. ఒక ఎలుక తింటే దానికి దక్కేది సుమారు 30 క్యాలరీలు. ఆ ఒంటిని, ఆ బుర్రను తెచ్చి మూడో అంతస్తులో పెట్టి, కదలకుండానే అన్నీ నోటి దగ్గరికి తెస్తున్నాం. తినడం తప్ప వాడికి ఇంకో పని లేదు.

పైగా ఆపరేషన్ తర్వాత మగపిల్లికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. ఆపరేషన్ చేయించడం ముమ్మాటికీ మంచి పనే. ఆ రోజు నుంచే గిన్నె కొలత తగ్గించాలని మాత్రం మీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. కొత్తగా ఆపరేషన్ చేయించేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం లావు పిల్లులు లావెక్కకుండానే ఉంటాయి.

లెక్క చూద్దాం. 5 కిలోల దగ్గర ఉండాల్సిన పిల్లి బరువు తగ్గాలంటే రోజుకు సుమారు 190 నుంచి 230 క్యాలరీల మధ్య పెట్టాలి. కంపెనీని బట్టి మారుతుంది కానీ డ్రై ఫుడ్‌లో వంద గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీలు ఉంటాయి. అంటే డ్రై ఫుడ్ ఒక్కటే పెడితే 50, 55 గ్రాములకు రోజు కోటా అయిపోతుంది. ఇప్పుడు అత్తయ్యగారి అరగ్లాసు పాలు చూడండి. చిక్కటి పాలైతే 100 మిల్లీలీటర్లలో 85 క్యాలరీల దాకా ఉంటాయి. వాడి రోజు తిండిలో మూడో వంతుకు పైగా ఆ పాలకే పోయింది, పెరుగన్నం ఇంకా లెక్కలోకి రాలేదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు కూడా.

అలాగని రేపటి నుంచి అన్నీ ఆపేసి కడుపు మాడ్చకండి. ఈ మాట మరీ మరీ చెబుతున్నాను. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి పట్టేస్తుంది. పచ్చకామెర్లు వచ్చి చనిపోయే పిల్లులున్నాయి. మనుషుల ఉపవాసం పిల్లికి పనికిరాదు. తిండి మార్పు పది రోజుల మీద జరగాలి. కొత్త తిండిని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ రండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత తిండికి తిరిగి వెళ్లి డాక్టర్‌తో మాట్లాడండి.

కూరలు తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. చెంచాలు, కప్పులు నమ్మొద్దు, చేతి కొలత పెరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు డ్రై ఫుడ్ మొత్తం తూచి ఒక డబ్బాలో పోయండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి, అది ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. నా సలహా, సగం క్యాలరీలు వెట్ ఫుడ్ నుంచి ఇవ్వండి. 85 గ్రాముల పౌచ్‌లో సాధారణంగా 60 నుంచి 80 క్యాలరీలే ఉంటాయి, మిగతాది ఎక్కువగా నీళ్లే. కడుపు నిండుతుంది, మూత్రమూ పలచబడుతుంది. మూత్రనాళం సన్నగా ఉన్న మగపిల్లికి ఈ నీళ్లే రక్ష. నీళ్ల గిన్నెలు కూడా వెడల్పాటివి రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకు దూరంగా పెట్టండి. మీ ఊరి ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చాలి.

బరువు వారానికి అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. అంటే మీ బంటికి నెలకు 150 నుంచి 300 గ్రాములు. 7.2 నుంచి 5 కిలోలకు రావడానికి ఎనిమిది నెలలు, ఏడాది, అంతకంటే కాస్త ఎక్కువే పట్టొచ్చు. తొందరపడొద్దు. బంటిని ఎత్తుకుని బాత్రూమ్ కాటా మీద ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తేడా తీస్తే ఉజ్జాయింపు బరువు తెలుస్తుంది. నెలకోసారి క్లినిక్‌లో సరిగ్గా తూయించండి. వేళ్లతో పక్కటెముకలు తడిమితే పెద్దగా నొక్కకుండానే తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. కింద వేలాడే పొట్ట తోలు చూసి బెంగపడకండి, సన్నటి పిల్లులకూ కొద్దిగా అది ఉంటుంది. ఈలోగా నీళ్లు మామూలుకంటే బాగా ఎక్కువ తాగుతున్నాడనిపిస్తే రక్తంలో షుగర్ చూపించండి. ఇంట్లో ఉండే లావు మగపిల్లులకు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ.

అత్తయ్యగారి సంగతి దగ్గర మీరు జాగ్రత్తగా నడవాలి. ఆవిడ పాలు పోసేది ప్రేమతో. ఆ గిన్నె లాక్కుంటే ఆవిడ చాటుగా పెడతారు, అప్పుడు మన లెక్కలన్నీ తప్పుతాయి. పని తీసేయకుండా పని మార్చండి. పొద్దున తూచిన డబ్బాలోంచి కొన్ని గింజలు ఆవిడ చేతికివ్వండి. హాల్లో కుర్చీలో కూర్చుని ఒక్కో గింజ దూరంగా విసరమనండి. బంటి ఉరికి పట్టుకుంటాడు, మళ్లీ ఆవిడ దగ్గరికే వస్తాడు. ఆవిడకూ కాలక్షేపం, వాడికీ వ్యాయామం. ఏదైనా ప్రత్యేకంగా పెట్టాలని మనసైతే ఉప్పు, మసాలా వేయకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టొచ్చు, ఎముక ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు మాత్రం ఎంత కొంచెమైనా వద్దు, అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. పెరుగన్నం ఎందుకు సరిపోదో కూడా ఆవిడకు చెప్పండి. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు, కళ్లూ దెబ్బతింటాయి. తన బంటి గుండె కోసమంటే ఆవిడ కాదనరని నా నమ్మకం.

కరవడం గురించి. నాలుగేళ్లు కలిసి ఉన్న పిల్లి ఈమధ్యే కరవడం మొదలుపెడితే ముందు నొప్పి ఉందేమో చూడాలి. పళ్లు, చిగుళ్లు, కీళ్లు, మూత్రాశయం అన్నీ చూపించండి. లావు పిల్లికి నడుము కింది భాగం నాకి శుభ్రం చేసుకోవడం కుదరదు, వెంట్రుకలు ఉండలు కట్టి చర్మం లాగుతుంటుంది. అక్కడ చెయ్యి పడితే కరుస్తుంది. నొప్పి ఏదీ లేదని తేలితే బాబుకు మూడు విషయాలు నేర్పండి. పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు, ట్రేలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. తల, బుగ్గలు, గడ్డం కింద తప్ప పొట్ట మీద, తోక మొదట్లో చెయ్యి వేయకూడదు. తోక టపటపా కొట్టినా, చెవులు వెనక్కి వాల్చినా, వీపు చర్మం జలదరించినా చెయ్యి తీసేయాలి. పిల్లి కరిచే ముందు చెబుతుంది, మనమే వినిపించుకోం. చేతులతో, కాళ్లతో ఆడించే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈరోజుతో మానాలి. కర్రకు కట్టిన ఈకల బొమ్మతో ఆడించండి.

ఆ ఆట గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. బొమ్మను పిల్లి ముఖం మీద ఊపడం ఆట కాదు. ఎలుక సోఫా కింద నుంచి తొంగి చూసినట్టు, పారిపోయినట్టు, ఆగినట్టు కదపాలి. చివర్లో వాడికి దొరకనివ్వాలి. దొరికిన వెంటనే తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. పిల్లి ఒంట్లో ఉన్న వరస ఇది. 7 కిలోల పిల్లి మొదట్లో రెండు నిమిషాలకే కూలబడుతుంది, అంతవరకే ఆడించండి. మిగిలిన డ్రై ఫుడ్‌లో కొంత గుడ్ల అట్టలోనో, కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ సీసాలోనో వేసి వెతుక్కోనివ్వండి. అల్మారా పైన, కిటికీ గట్టు మీద వాడు కూర్చునే చోటు కల్పించండి. కిటికీలకు, బాల్కనీకి గట్టి మెష్ వేయించండి. పావురాల వల వేశాం కదా అని ఊరుకోవద్దు, అది పిల్లి గోళ్లకు తెగిపోతుంది.

నాలుగింటి అరుపులకు మందు కూడా ఇందులోనే ఉంది. రాత్రి పడుకునే ముందు ఆట, ఆ తర్వాత ఆఖరి పౌచ్. తెల్లవారుజామున అరిచినప్పుడు లేచి ఏదీ పెట్టకండి, తిట్టకండి, పలకరించకండి. మొదటి వారం పది రోజులు అరుపులు ఇంకా పెరుగుతాయి. అక్కడ ఒక్కరోజు లొంగిపోయి పెడితే ఇంకా గట్టిగా అరవాలని మనమే నేర్పినట్టు. టైమర్‌తో తెరుచుకునే తిండి డబ్బా దొరుకుతుంది, ఆరింటికి పెట్టుకుంటే వాడు మీ ముఖం కాకుండా ఆ డబ్బా ముఖం చూస్తాడు.

కర్టెన్ దగ్గర ముందు ఒకటి గమనించాలి. నిలబడి, తోక నిటారుగా పెట్టి వణికిస్తూ, వెనక్కి కొద్దిగా చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని నేల మీదో పరుపు మీదో ఎక్కువగా పోస్తే అది ట్రే నచ్చకపోవడమో, జబ్బో. మీరు రాసినది మొదటి రకంలా ఉంది. ఆపరేషన్‌తో పదింటిలో తొమ్మిది మగపిల్లుల్లో ఇది బాగా తగ్గుతుంది, పదింట ఒకటి మాత్రం కొనసాగిస్తుంది. బాల్కనీ తలుపు దగ్గరే చేస్తున్నాడంటే బయట పక్క బిల్డింగ్ పిట్టగోడ మీదో, సన్‌షేడ్ మీదో ఇంకో గండుపిల్లి తిరుగుతుండాలి. దాన్ని చూసి, దాని వాసన పట్టి వాడు ఉలిక్కిపడుతున్నాడు. ఆ కోపం దగ్గరలో ఉన్న బాబు మీద పడే అవకాశం కూడా ఉంది. తలుపు అద్దానికి కింది సగం మసక స్టిక్కర్ అంటించండి. ఆ పిల్లికి ఎవరైనా అక్కడ తిండి పెడుతుంటే ఇంకోవైపు పెట్టమని అడగండి. కుదిరితే దానికీ ఆపరేషన్ చేయిస్తే మీ బిల్డింగ్ అంతటికీ మేలు.

కర్టెన్ ఉతికి, గోడను పిల్లి మూత్రం కోసమే అమ్మే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి వాడకండి. వాసన పోదు సరికదా, అవి పాదాలకు అంటుకుని, నాకితే కడుపులోకి వెళ్తాయి. ఫినాల్ రకం పదార్థాలను పిల్లి కాలేయం విరిచేయలేదు. బీరువాలో నాఫ్తలీన్ గోళీలు వాడుతుంటే వాటినీ వాడికి అందనివ్వకండి. ట్రేలు రెండు ఉండాలి, వేర్వేరు చోట్ల, వాసన లేని లిట్టర్‌తో, వాడు చుట్టూ తిరగగలిగేంత పెద్దవి, రోజూ ఎత్తేయాలి. బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు బజార్లో దొరికే ట్రే కంటే మేలు. ఇవన్నీ చేసి రెండు నెలలైనా తగ్గకపోతే, ఆందోళన తగ్గించే మందులు ఉన్నాయి, డాక్టర్ రాసివ్వగలరు.

మీవారికి ఒక మాట. ఫ్లాట్‌లో పెరిగిన 7 కిలోల పిల్లి పొలం దగ్గర ఎలుకలు పట్టుకుని బతుకుతుందని అనుకోవద్దు. కుక్కలు, అక్కడి గండుపిల్లులు, ఆకలి. వాడు రెండు మూడు రోజులు తినకపోతే ఏమవుతుందో పైన చెప్పాను. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. ఆయన కోపం బాబు చేతి గాయం చూసి వచ్చింది, అది నాకు అర్థమవుతోంది. అందుకే బాబు విషయంలో ముందు ఏర్పాటు చేయండి. పెద్దవాళ్లు లేనప్పుడు ఇద్దరినీ ఒక గదిలో వదలకండి. ఆటకర్ర బాబు చేతికే ఇచ్చి, పెద్దవాళ్లు పక్కన ఉండగా వాడితోనే ఆడించండి.

ఇంకో పిల్లిని ఇప్పుడు తేవద్దు. బయటి పిల్లి నీడ చూసే హద్దు గుర్తులు పెడుతున్నవాడికి ఇంట్లోకే ఒక పిల్లి వస్తే ఒత్తిడి పెరుగుతుంది, మూత్రాశయం సమస్యా పెరగొచ్చు. ఎవరు ఎంత తింటున్నారో కొలత కూడా తప్పుతుంది. బరువు తగ్గి, స్ప్రే ఆగి, ఆరు నెలలు ప్రశాంతంగా గడిచాక కూడా తేవాలనిపిస్తే అప్పుడు రాయండి. కొత్తదాన్ని వేరే గదిలో ఉంచి, ముందు వాసన, తర్వాత చూపు, ఆ తర్వాతే కలయిక, ఇలా వారాల మీద ఎలా పరిచయం చేయాలో అప్పుడు వివరంగా చెబుతాను.